కాలేజీ తెరలకు జీబో: 20 స్క్రీన్ల లెక్కతో ఒక సమీక్ష

కాలేజీలో డిజిటల్ నోటీసు బోర్డు పనితనం ప్రారంభోత్సవం రోజున తెలియదు. సెమిస్టర్ సగం గడిచాక వెళ్లి చూడాలి. ఎప్పుడో ముగిసిన ఫీజు గడువు ఇంకా తెర మీద తిరుగుతోందంటే టీవీలు, ప్లేయర్లు, నెట్‌వర్కు అన్నీ నిక్షేపంగా ఉన్నా ఆ వ్యవస్థ పోయినట్టే లెక్క. పాత నోటీసులు రెండు మూడుసార్లు కనబడితే చాలు, పిల్లలు తెర వైపు చూడటం మానేస్తారు. మానేశాక మళ్లీ చూసేలా చేయడం మహా కష్టం.

అందుకే జీబో అనే డిజిటల్ నోటీసు బోర్డు సాఫ్ట్‌వేర్‌ను చూసేటప్పుడు తెర అమరికను గీసే లేఅవుట్ ఎడిటర్ ఎంత అందంగా ఉంది, టెంప్లేట్లు ఎన్ని ఇచ్చారు లాంటి సంగతులు ఇక్కడ వెనక వరసలో ఉంటాయి. ముందు చూసినవి నాలుగే. నోటీసు ఎవరు పెట్టగలరు? ఎవరు పెట్టలేరు? పెట్టింది దానంతట అదే ఎప్పుడు పోతుంది? ఏదైనా తెర ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది? లెక్క కోసం తీసుకున్న క్యాంపస్ ఇలా ఉంటుంది: ఐదారు భవనాలు, 20 తెరలు, ఎనిమిది విభాగాలు, ఇవన్నీ చూసుకోవడానికి ఐటీ సెల్‌లో ఒక్క మనిషి. ఆ మనిషికి వేరే పనులూ ఉంటాయి.

అసలు ఇదేమిటి

ఎక్స్-ఐ-బి-ఓ అని రాసే ఈ జీబోలో రెండు భాగాలు ఉన్నాయి. ఒకటి బ్రౌజర్‌లో తెరుచుకునే సీఎంఎస్, అంటే తెరల మీద ఆడేవాటిని నిర్వహించే సాఫ్ట్‌వేర్. బొమ్మలు, వీడియోలు, షెడ్యూళ్లు, యూజర్ల అనుమతులు అన్నీ అందులోనే. రెండోది ప్రతి టీవీ వెనకా నడిచే ప్లేయర్. సీఎంఎస్ ఓపెన్ సోర్స్, ఏజీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు. పీహెచ్‌పీలో రాశారు, డేటా మైఎస్‌క్యూఎల్‌లో ఉంటుంది. సొంత సర్వర్‌లో నడుపుకుంటే దానికి రుసుము లేదు. విండోస్, లైనక్స్ ప్లేయర్లూ ఉచితమే. ఆండ్రాయిడ్, ఎల్‌జీ వెబ్‌ఓఎస్, శామ్‌సంగ్ టైజెన్ ప్లేయర్లకు మాత్రం తెరకొక లైసెన్సు కొనాలి. జీబో ఉచితం అన్న మాట విని 20 ఆండ్రాయిడ్ బాక్సులు ఆర్డర్ పెట్టేశాక ఈ సంగతి బయటపడితే బడ్జెట్ ఫైలు మళ్లీ మొదటి నుంచి తిరగాలి. హార్డ్‌వేర్ కొనకముందే ఏ ప్లేయరో తేల్చుకోవాలి.

ప్లేయర్ ప్రతి కొన్ని నిమిషాలకోసారి సీఎంఎస్‌ను పలకరించి షెడ్యూలు, ఫైళ్లు తెచ్చుకుని తన డిస్కులోనే దాచుకుంటుంది. నెట్‌వర్కు తెగినా తెర నల్లబడదు, దగ్గరున్న షెడ్యూలు ప్రకారం ఆడుతూనే ఉంటుంది. టీవీ బ్రౌజర్‌లో ఒక వెబ్ పేజీ తెరిచి వదిలేసే చవక పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. ఆ పద్ధతిలో నెట్‌వర్కు స్విచ్ ఒక్క నిమిషం రీబూట్ అయితే చాలు, ఎర్రర్ పేజీ వచ్చి కూర్చుంటుంది. ఎవరో వచ్చి రిఫ్రెష్ కొట్టేదాకా కదలదు.

సర్వర్ పెట్టడం

సాఫ్ట్‌వేర్‌ను కంటెయినర్లు అనే విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్ కంపోజ్‌తో పెట్టడమే అధికారికంగా సూచించే దారి. వెబ్, డేటాబేస్, మెసేజ్ రిలే, మెమ్‌క్యాష్‌డ్ వగైరా కంటెయినర్లు కలిసి లేస్తాయి. 20 తెరలకు రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, 100 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న వర్చువల్ మెషిన్ సరిపోతుంది. సర్వర్ చేసే పని ఎక్కువ భాగం ఫైళ్లు పంచడమే, వీడియోలు ఆడించేది ప్లేయర్లు.

తడబడే చోట్లు ఇవీ. డేటాబేస్ పాస్‌వర్డును కాన్ఫిగ్ ఫైల్లో మొదటిసారి స్టార్ట్ చేయకముందే రాయాలి. ఒకసారి డేటాబేస్ తయారయ్యాక ఫైల్లో మారిస్తే లోపల మారదు, సీఎంఎస్‌కు తలుపు మూసుకుపోతుంది. ఇన్‌స్టాల్‌తో వచ్చే అడ్మిన్ ఖాతా పాస్‌వర్డు అందరికీ తెలిసినదే. అది మార్చాకే సర్వర్‌ను నెట్‌వర్కులోకి వదలాలి. కంటెయినర్ ఇచ్చేది మామూలు హెచ్‌టీటీపీ కాబట్టి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి రివర్స్ ప్రాక్సీ (వచ్చేవాటిని తాను అందుకుని సీఎంఎస్‌కు చేరవేసేది) పెట్టి సర్టిఫికెట్ తగిలించాలి. ఇక్కడే చాలామంది ఒక పూట పోగొట్టుకుంటారు: ఎన్‌జిన్‌ఎక్స్‌లో అప్‌లోడ్ పరిమితి ఏమీ మార్చకపోతే 1 ఎంబీ. పోస్టర్లు ఎక్కుతాయి, వీడియో ఎక్కించగానే 413 ఎర్రర్ వస్తుంది. జీబో సెట్టింగుల్లో ఎంత వెతికినా కారణం దొరకదు, ఎందుకంటే అడ్డం పడింది జీబో కాదు.

ప్లేయర్లకు సర్వర్ చిరునామాగా ఐపీ అంకెలు ఇవ్వకూడదు. ఒక డీఎన్‌ఎస్ పేరు ఇవ్వాలి. రెండేళ్ల తర్వాత సర్వర్ వేరే మెషిన్‌కు మారితే డీఎన్‌ఎస్‌లో ఒక్క వరస మారిస్తే సరిపోతుంది. అంకెలు ఇచ్చి ఉంటే నిచ్చెన పట్టుకుని 20 తెరల దగ్గరికీ తిరగాల్సి రావచ్చు.

బ్యాకప్ గురించి ఒక హెచ్చరిక. డాకర్ ఇన్‌స్టాల్ డేటాబేస్‌ను తనే బ్యాకప్ తీస్తుంది, అది చూసి నిశ్చింతగా ఉండిపోతారు. బొమ్మలు, వీడియోలు ఉండే లైబ్రరీ ఫోల్డర్ అందులో రాదు. రెండూ కలిపి వేరే మెషిన్‌కు కాపీ అయితేనే అది బ్యాకప్.

విభాగాలకు తాళాలు పంచడం

జీబో క్యాంపస్‌కు ఎందుకు నప్పుతుందో, ఎక్కడ నప్పదో ఇక్కడే తేలుతుంది. యూజర్ గ్రూపులు, ఫోల్డర్లు, ఒక్కో వస్తువు మీద చూడటం, మార్చడం, తొలగించడం అనే మూడు వేర్వేరు హక్కులు ఉన్నాయి. పైగా ఏ గ్రూపుకు మెనూలో ఏం కనబడాలో కూడా తగ్గించవచ్చు. తగ్గించాలి కూడా. అన్ని మెనూలూ కనబడితే విభాగాల గుమాస్తాలు రెండో రోజు నుంచి ఐటీ సెల్‌కే పోస్టరు మెయిల్ చేసి మీరే పెట్టండి అంటారు.

పనిచేసే ఏర్పాటు ఒకటుంది. అడ్డం తెరలకు ఒక లేఅవుట్, నిలువు తెరలకు ఒక లేఅవుట్, అంతే. వాటిని ఐటీ సెల్ తప్ప ఎవరూ ముట్టుకోరు. ప్రతి విభాగానికీ ఒక ప్లేలిస్ట్ ఇచ్చి, ఆ విభాగం గ్రూపుకు దాని మీద మాత్రమే మార్చే హక్కు ఇస్తారు. లేఅవుట్‌లోని పెద్ద గడిలో ఈ ఎనిమిది ప్లేలిస్టులనూ ఉప ప్లేలిస్టులుగా చేరుస్తారు. విభాగంవాళ్లు తమ ప్లేలిస్ట్‌లో పోస్టరు వేస్తే అది నేరుగా తెరకు వెళ్తుంది, లేఅవుట్ తెరవాల్సిన పనే రాదు.

దీని వల్ల ఇంకో ప్రయోజనం కూడా ఉంది. లేఅవుట్‌ను మార్చాలంటే ముందు డ్రాఫ్టుగా బయటకు తీయాలి, మార్చాలి, మళ్లీ పబ్లిష్ కొట్టాలి. ఆ చివరి మెట్టు మర్చిపోవడమే జీబోలో ‘మార్చాను కానీ తెర మీద మారలేదు’ అనే ఫిర్యాదుకు మొదటి కారణం. ప్లేలిస్టులకు ఆ మెట్టు లేదు.

ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. ఎనిమిది విభాగాలు, ఒక్కోదానికి మూడు స్లైడ్లు, స్లైడుకు 12 సెకన్లు అంటే మొత్తం 288 సెకన్లు. దాదాపు ఐదు నిమిషాల చుట్టు. కారిడార్‌లో నడిచే మనిషి తెర ముందు ఉండేది పది పదిహేను సెకన్లు. తనకు కావలసిన స్లైడు అతనికి ఎదురుపడే అవకాశం ఎంతో ఊహించుకోవచ్చు. ఉప ప్లేలిస్టులకు సైకిల్ పద్ధతి ఆన్ చేస్తే లేఅవుట్ తిరిగిన ప్రతిసారీ ఒక్కో విభాగం నుంచి ఒక్క స్లైడే ఆడుతుంది, మరుసటి చుట్టులో దాని తర్వాతిది. అప్పుడు చుట్టు 96 సెకన్లకు దిగుతుంది. అంతకంటే మంచి పని, మెకానికల్ బ్లాకులోని తెరకు ఎనిమిది విభాగాల నోటీసులూ పంపకపోవడం. తెరలకు భవనాన్ని బట్టి ట్యాగులు పెట్టి, ట్యాగు ఆధారంగా డిస్‌ప్లే గ్రూపులు చేస్తే కొత్త తెర బిగించినప్పుడు ట్యాగు ఒక్కటి పెడితే చాలు, దాని షెడ్యూలు దానికి వచ్చేస్తుంది.

ఇప్పుడు లోపం. ఒకరు పెట్టిన నోటీసును మరొకరు చూసి ‘సరే’ అన్నాకే తెర మీదికి వెళ్లే ఆమోదపు వరస జీబోలో ఈ ప్లేలిస్టు దారికి లేదు. కావాలంటే మనమే ఒక ఏర్పాటు చేసుకోవాలి: విభాగంవాళ్లకు ఫైలు అప్‌లోడ్ చేసే హక్కు మాత్రం ఇచ్చి, ప్లేలిస్ట్‌లో చేర్చే హక్కు ఒక అధ్యాపకుడికి ఇవ్వడం. పని జరుగుతుంది, కానీ ఫైలు వచ్చిందన్న కబురు ఆ అధ్యాపకుడికి ఫోన్లో చెప్పాల్సిందే. రెన్‌సెలియర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు మొదలుపెట్టిన కాన్సెర్టో అనే ఓపెన్ సోర్స్ సైనేజ్ సాఫ్ట్‌వేర్ ఈ ఒక్క విషయంలో జీబోను మించింది. అందులో ఎవరైనా నోటీసు పంపవచ్చు, ఆ ఫీడ్‌కు, అంటే ఆ నోటీసుల వరసకు, బాధ్యులైనవాళ్లు ఆమోదించాలి. కాలేజీ నుంచి పుట్టిన సాఫ్ట్‌వేర్ అని అక్కడ తెలిసిపోతుంది.

గడువు తేదీ సంగతి కూడా ఇలాంటిదే. జీబోలో ప్లేలిస్టులోని ప్రతి అంశానికీ మొదలు, ముగింపు తేదీలు పెట్టవచ్చు. గడువు దాటగానే అది తెర నుంచి దానంతట అదే తప్పుకుంటుంది, కావాలంటే ప్లేలిస్ట్ నుంచి తొలగిపోయేలా కూడా టిక్ పెట్టవచ్చు. కానీ తేదీ పెట్టడం తప్పనిసరి కాదు. తప్పనిసరి కానిది ఎవరూ పెట్టరు. కాబట్టి విభాగాలకు ఇచ్చే ఒక పేజీ సూచనల్లో మొదటి వాక్యం ఇదే ఉండాలి: ముగింపు తేదీ లేని పోస్టరును ఐటీ సెల్ ప్రతి శుక్రవారం తీసేస్తుంది. నిజంగా తీసేయాలి. రెండు శుక్రవారాలు తీస్తే మూడోవారం నుంచి తేదీలు వాటంతట అవే వస్తాయి.

షెడ్యూలు, ప్రయారిటీ

క్యాంటీన్ తెరకు మధ్యాహ్నం మెనూ, ఆడిటోరియం తెరకు సాయంత్రం కార్యక్రమం, ఇలా రోజును భాగాలు చేసి ఆడించడానికి డేపార్టులు ఉన్నాయి. ఇవి బాగా పనిచేస్తాయి.

ప్రయారిటీ మాత్రం నిప్పుతో చెలగాటం. రెండు ఈవెంట్లు ఒకే సమయంలో ఉంటే ప్రయారిటీ అంకె పెద్దగా ఉన్నది మాత్రమే ఆడుతుంది, మిగతావన్నీ మాయమవుతాయి. ఎవరో కాలేజీ డే పోస్టరుకు ప్రయారిటీ 10 పెట్టి, ముగింపు సమయం ‘ఎప్పటికీ’ అని వదిలేస్తే క్యాంపస్ మొత్తం ఆ ఒక్క పోస్టరే తిరుగుతుంది. ‘జీబో పాడైంది’ అని ఫోన్లు వస్తాయి. షెడ్యూలు పేజీ చూసే హక్కు ఐటీ సెల్‌కు తప్ప ఎవరికీ ఇవ్వకపోవడం దీనికి మందు. అంకెలకూ ఒక ఒప్పందం రాసి పెట్టుకోవాలి: మామూలు వాటికి 0, కార్యక్రమాలకు 5, అత్యవసరానికి 100. మధ్యలో కొత్త అంకెలు పుట్టించకూడదు. గంటకు ఇన్ని సెకన్లు అని వాటా ఇచ్చి మధ్యమధ్యలో దూర్చే ఇంటరప్ట్ లేఅవుట్లు కూడా ఉన్నాయి. రక్తదాన శిబిరం లాంటి ప్రకటనకు ప్రయారిటీ కంటే ఇదే మేలు.

టైమ్ టేబుల్, వెబ్ పేజీలు

గది బయట చిన్న తెర మీద ‘ఇప్పుడు ఏ క్లాసు, తర్వాత ఏది’ చూపించాలన్న కోరిక ప్రతి కాలేజీకీ ఉంటుంది. జీబోలో డేటాసెట్లు దీనికి సరిపోతాయి. గది, రోజు, మొదలు, ముగింపు, సబ్జెక్టు, అధ్యాపకుడు అని నిలువు వరసలు పెట్టి సీఎస్‌వీ ఫైలుతో నింపవచ్చు. టైమ్ టేబుల్ సాఫ్ట్‌వేర్ జేసన్ అనే రూపంలో డేటా ఇవ్వగలిగితే ఆ చిరునామా నుంచి దానంతట అదే తెచ్చుకునే రిమోట్ డేటాసెట్ పెట్టవచ్చు. గది పేరుతో వడకట్టి చూపించడం సులువే. కష్టం ఎక్కడంటే, ఎక్సెల్‌లో గది పేర్లు ఒకచోట ‘ఎల్‌హెచ్ 3’, ఇంకోచోట ‘ఎల్‌హెచ్-03’ అని ఉండటం. వడపోత అక్షరం తప్పినా ఖాళీ తెర చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పెట్టకముందు గదుల పేర్ల జాబితా ఒకటి ఖాయం చేసుకోవడం ఈ పనిలో అసలైన మొదటి మెట్టు.

కాలేజీ వెబ్‌సైట్‌ను అలాగే లేఅవుట్‌లో ఒక గడిలో చూపిద్దామనుకుంటే తెల్లగా వస్తుంది. చాలా సైట్లు తమ పేజీని వేరే పేజీ ఫ్రేములో తెరవకుండా హెడర్ పెడతాయి. బ్రౌజర్ ఆ మాట వింటుంది, అందుకే ఖాళీ. కాలేజీ సర్వర్ మన చేతిలోదే అయితే సీఎంఎస్, ప్లేయర్లకు ఆ పేజీ వరకు హెడర్ సడలించవచ్చు. కానీ వెబ్‌సైట్ పేజీ తెర మీద చదవడానికి చేసినది కాదు. అక్షరాలు చిన్నవి, స్క్రోల్ చేసేవాళ్లు ఉండరు. సమాచారం డేటాసెట్‌లోకి లాగి చూపిస్తేనే బాగుంటుంది. పైగా వెబ్ పేజీ విడ్జెట్‌కు నెట్ కావాలి, ప్లేయర్ డిస్కులో దాచుకున్న స్లైడు లాగా అది నెట్ లేనప్పుడు ఆదుకోదు.

అత్యవసర సందేశాలు

మెసేజ్ రిలే అన్నది ఇక్కడ అక్కరకొస్తుంది. ప్లేయర్ తన వంతు వచ్చేదాకా ఆగకుండా సర్వర్ వెంటనే కబురు పంపే దారి అది. మామూలుగా 9505 పోర్టు. ఫైర్‌వాల్ ఆ పోర్టును ఆపినా, డిస్‌ప్లే సెట్టింగుల్లో రిలే చిరునామా తప్పుగా ఉన్నా ఏ ఎర్రరూ కొట్టొచ్చినట్టు కనబడదు. తెరలు మామూలుగానే నడుస్తాయి, కాకపోతే మార్పులు ప్లేయర్ సీఎంఎస్‌ను పలకరించే వంతు (కలెక్షన్ గడువు) వచ్చాకే చేరతాయి. అగ్ని ప్రమాదపు ప్రకటన ఐదు నిమిషాలు ఆలస్యమైతే దానికి అర్థం లేదు. కాబట్టి ప్రతి తెర బిగించాక సీఎంఎస్ నుంచి స్క్రీన్‌షాట్ అడిగి చూడాలి. కొన్ని సెకన్లలో వస్తే రిలే బతికే ఉంది. నిమిషాలు పడితే దారి మూసుకుపోయింది.

‘భవనం ఖాళీ చేయండి’ లాంటి లేఅవుట్లు మూడు నాలుగు ముందే తయారుచేసి ఉంచుకోవాలి, ప్రమాదం వచ్చాక ఎడిటర్ తెరవకూడదు. అలాగని సైరన్లకు ఇది ప్రత్యామ్నాయం అనుకోవడం తప్పు. కరెంటు పోతే ముందు ఆరేవి ఈ తెరలే.

ప్లేయర్ యంత్రం

జీబో లైనక్స్ ప్లేయర్ ఇంటెల్, ఏఎండీ తరహా 64 బిట్ యంత్రాల కోసం స్నాప్ అనే, దానంతట అదే అప్‌డేట్ అయ్యే లైనక్స్ ప్యాకేజీగా వస్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్‌కు అధికారిక ప్లేయర్ లేదు. చవకని పై బోర్డులు కొని తర్వాత ఈ సంగతి తెలుసుకునేవాళ్లు చాలామంది. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న వాడేసిన చిన్న ఆఫీసు పీసీ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ల్యాబుల్లో మార్చేసిన పాతవి ఉంటే అవీ వాడవచ్చు, ఫ్యాన్ దుమ్ము దులిపి, హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసి.

ప్రతి యంత్రంలోనూ బయోస్ (ఆన్ చేయగానే తెరవగలిగే మూల సెట్టింగులు)లోకి వెళ్లి, కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టాలి. ఇది మర్చిపోతే మొదటి కరెంటు కోత తర్వాత 20 టీవీల్లోనూ ‘సిగ్నల్ లేదు’ అని నీలం తెర. రెండోది, పీసీ టీవీ కంటే ముందు లేస్తే టీవీ ఇంకా మేలుకోలేదు కాబట్టి రిజల్యూషన్ తెలియక తక్కువది ఎంచుకుంటుంది, కొన్నిసార్లు బొమ్మే పంపదు. లైనక్స్‌లో బూట్ సెట్టింగుల్లో 1920×1080 అని బలవంతంగా రాసేయవచ్చు. విండోస్‌లో అయితే హెచ్‌డీఎంఐకి టీవీ ఉన్నట్టు నటించే చిన్న ఈడీఐడీ ముక్క పెట్టడం తేలిక.

విండోస్ ప్లేయర్‌కే జీబోలో సౌకర్యాలు ఎక్కువ. దానితోపాటు వచ్చే వాచ్‌డాగ్ అనే చిన్న ప్రోగ్రామ్, ప్లేయర్ ఆగిపోతే మళ్లీ లేపుతుంది. కానీ విండోస్‌ను కట్టేయడం ఒక పని. స్లీప్, స్క్రీన్ సేవర్, నోటిఫికేషన్లు ఆపాలి. ఆటోమేటిక్ లాగిన్ పెట్టాలి, ఆ ఖాతాకు అడ్మిన్ హక్కులు ఉండకూడదు. అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ కాకుండా ఆపే యాక్టివ్ అవర్స్ గరిష్ఠంగా 18 గంటలే. మిగిలిన ఆరు గంటలు రాత్రిపూట పడేలా చూసుకోవాలి. లైనక్స్‌కు ఈ గోల తక్కువ, కానీ కొన్ని విడ్జెట్లు, సౌకర్యాలు దానికి ఆలస్యంగా వస్తాయి లేదా రావు. స్నాప్ రోజుకు నాలుగుసార్లు కొత్త వెర్షన్ ఉందేమో చూసుకుంటుంది, పగటిపూట ప్లేయర్ మారిపోకుండా ఆ సమయాన్ని తెల్లవారుజాముకు మార్చాలి. తెర మీద పెద్ద ప్రయోగాలు లేని క్యాంపస్‌కు లైనక్సే మంచిదని మా అభిప్రాయం.

పై బోర్డులే వాడాలంటే ఆంథియాస్ చూడవచ్చు, ఒకప్పటి స్క్రీన్లీ ఓఎస్‌ఈ పేరు మార్చుకున్నదే అది. బొమ్మలు, వీడియోలు, వెబ్ పేజీలు ఒక వరసలో ఆడిస్తుంది, వాటికి తేదీలు పెట్టవచ్చు, ఇన్‌స్టాల్ చేయడానికి అరగంట పట్టదు. కానీ ప్రతి బోర్డుకూ దాని సొంత వెబ్ పేజీ, అన్నింటినీ ఒకచోట నుంచి నడిపే సీఎంఎస్ లేదు, తెరను గడులుగా విడదీయడమూ లేదు. మూడు నాలుగు తెరల దాకా హాయి. పది దాటితే పది చోట్ల లాగిన్ అవుతూ కూర్చోవాలి. బోర్డు ఎంపికలో ఒక మెలిక ఉంది: పై 4లో హెచ్.264 వీడియోను విప్పే ప్రత్యేక హార్డ్‌వేర్ ఉంది, పై 5లో దాన్ని తీసేశారు, అందులో హెచ్‌ఈవీసీ అనే మరో రకం వీడియోకు మాత్రమే ఉంది. పై 4కు గడియారం బ్యాటరీ లేదు. నెట్ లేకుండా లేస్తే తప్పు తేదీతో లేస్తుంది, సర్టిఫికెట్ చెల్లదంటుంది, షెడ్యూలు తప్పుతుంది. పై 5లో గడియారం బోర్డులోనే ఉంది, బ్యాటరీ మాత్రం విడిగా కొని తగిలించాలి.

టీవీ, గోడ, వైరు

ఇంటి టీవీ రోజుకు పది పన్నెండు గంటలు, అడ్డంగా, నీడలో ఉండే గోడకు అయితే నెట్టుకొస్తుంది. నిలువుగా తిప్పడానికి, 16 గంటలు నడపడానికి అది చేసినది కాదు, వేడి బయటకు పోయే దారులు మారతాయి, వారంటీ కూడా పోవచ్చు. అక్కడ కమర్షియల్ డిస్‌ప్లే తీసుకోవాలి. వెలుతురు లెక్క: లోపలి గోడకు 350 నుంచి 500 నిట్లు చాలు. ఎండ పడే కిటికీ వైపు తిరిగి ఉండే తెరకు 2,500 నిట్ల తరహా ప్యానెల్ కావాలి, లేదంటే పగలంతా నల్లటి అద్దమే. ఆ ఖర్చు పెట్టే బదులు తెరను పక్క గోడకు మార్చడం తెలివైన పని.

టీవీ సొంత వైఫై, ఫోను తెర పంచే సౌకర్యం రెండూ ఆపేయాలి. ఆపకపోతే ఎవరి ఫోన్లో పాట వాళ్లు ప్రిన్సిపాల్ గది ఎదురు తెర మీద వేస్తారు. రిమోట్ సెన్సర్‌ను కమర్షియల్ డిస్‌ప్లేలో మెనూ నుంచే మూసేయవచ్చు. మామూలు టీవీకి నల్ల టేపు ముక్క చాలు.

నెట్‌వర్కుకు తీగే వేయాలి. లాగిన్ పేజీ అడిగే క్యాంపస్ వైఫై ప్లేయర్లకు పనికిరాదు, ఎంటర్ కొట్టేవాళ్లు అక్కడ ఉండరు కదా. ప్లేయర్లకు విడిగా ఒక వీల్యాన్ (నెట్‌వర్కులోనే వేరు చేసిన భాగం) ఇచ్చి, బయటకు 443, 9505, డీఎన్‌ఎస్ కోసం 53, సమయం కోసం యూడీపీ 123 మాత్రం తెరిస్తే చాలు. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్లు దాటకూడదు.

డౌన్‌లోడ్ భారం వేసుకుంటే, 8 ఎంబీపీఎస్‌తో చేసిన 30 సెకన్ల 1080 వీడియో సుమారు 30 ఎంబీ. అలాంటివి పది మార్చితే 300 ఎంబీ, 20 ప్లేయర్లకు 6 జీబీ. క్యాంపస్ లోపల గిగాబిట్ ఉంటే నిమిషంలో అయిపోతుంది. సీఎంఎస్ బయట క్లౌడ్‌లో ఉండి, కాలేజీ లైను 100 ఎంబీపీఎస్ అయితే ఎనిమిది నిమిషాలు లైను మొత్తం దీనికే పోతుంది, ఆన్‌లైన్ పరీక్ష నడుస్తుంటే గొడవే. డిస్‌ప్లే సెట్టింగుల్లో డౌన్‌లోడ్ వేళలు రాత్రికి పెట్టే వీలుంది, వాడుకోవాలి.

అక్షరం ఎంత పెద్దది

ఈ ఒక్క లెక్క ముందే గోడకు అంటించి ఉంటే సగం పోస్టర్లు బాగుపడతాయి. మూడు మీటర్ల దూరానికి అక్షరం 25 మిల్లీమీటర్లు ఉండాలన్నది పనికొచ్చే కొలత. 55 అంగుళాల తెర ఎత్తు సుమారు 68.5 సెంటీమీటర్లు, అందులో 1080 పిక్సెళ్లు, అంటే పిక్సెల్ 0.63 మిల్లీమీటర్లు. కాబట్టి మూడు మీటర్లకు 40 పిక్సెళ్లు, ఆరు మీటర్లకు 80. తెలుగులాంటి లిపుల్లో పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరసకు వరసకూ మధ్య దూరం అక్షరం ఎత్తుకు రెట్టింపు పెట్టాలి, లేకుంటే పై వరస వత్తులు కింది వరస గుణింతాల మీద పడతాయి. 80 పిక్సెళ్ల అక్షరమైతే 160 చొప్పున తెర మొత్తం మీద ఆరు వరసలే. ఏ4 సర్క్యులర్‌ను ఫొటో తీసి అలాగే పెడితే ఎందుకు చదవలేరో దీంతో తేలిపోతుంది.

ఫాంటు జీబో సీఎంఎస్‌లోకి ఎక్కించి వాడాలి. ఎడిటర్‌లో బాగానే కనబడి తెర మీద డబ్బాలు వచ్చాయంటే ఆ ఫాంటు ఆఫీసు కంప్యూటర్లో ఉంది, ప్లేయర్‌లో లేదు. నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు ఎక్కిస్తే ఈ బాధ తీరుతుంది.

ఎవరికి, ఎలా మొదలు

ఐదు తెరల లోపు, ఒక్కరే నోటీసులు పెట్టే చోట జీబో బరువే, ఆంథియాస్ చాలు. నోటీసుల ఆమోదమే ప్రధానమైతే కాన్సెర్టో చూడాలి. పది తెరలు దాటి, ఒకటికి మించి విభాగాలు ఉండి, డాకర్ అంటే బెదరని మనిషి ఒకరుంటే జీబోను మించినది ఉచితంగా దొరకడం కష్టం. ఆ మనిషి లేకపోతే అదే కంపెనీ క్లౌడ్‌లో సీఎంఎస్ అద్దెకు ఇస్తుంది, సర్వర్ బాధ తప్పుతుంది.

20 తెరలకూ ఒకేసారి ఆర్డర్ పెట్టకుండా ముందు మూడింటితో మొదలుపెట్టాలి: రద్దీ కారిడార్‌లో ఒకటి, క్యాంటీన్‌లో ఒకటి, ఎండ పడే ప్రవేశ ద్వారం దగ్గర ఒకటి. ఆరు వారాలు నడపాలి. అందులో ఒకసారి కావాలని మెయిన్ స్విచ్ ఆపి వేయాలి, ఒకసారి నెట్ తీగ పీకాలి, ఒకసారి సర్వర్‌ను బ్యాకప్ నుంచి కొత్త మెషిన్ మీద లేపాలి. తెర ఆగితే మెయిల్ రావాల్సిన సెట్టింగు ఆన్ చేసి, ఆ మెయిల్ ఒక మనిషికి కాకుండా ఇద్దరు ముగ్గురు చూసే చిరునామాకు వెళ్లేలా పెట్టాలి. ఆ ఆరు వారాల్లో ఎన్ని పోస్టర్లు ముగింపు తేదీ లేకుండా ఎక్కాయో లెక్కపెట్టి, ఆ అంకె చూసుకుని మిగతా 17 తెరల ఆర్డరు మీద సంతకం పెట్టాలి.